షట్టర్ దించాక రోజుకు ఎనిమిది బార్లు

రోజు 1, జూన్ 20

పోయినేడాది ఒక పాట మొదలెట్టాను. మొదలెట్టానంతే. నాలుగు నెలలు కూర్చుంటే పల్లవికి ముందు వచ్చే మ్యూజిక్ మాత్రం తయారైంది, అదీ 31 ఫైళ్లుగా. "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్", "ఇదే ఫైనల్". ఆఖరికి దేన్లో ఏముందో నాకే తెలియక ఫోల్డర్ మూసేశాను.

ఈసారి పాట జోలికి పోను. రాత్రి 9 గంటలకు షాపు షట్టర్ సగం దించి 40 నిమిషాలు కూర్చుంటాను. ఆ 40 నిమిషాల్లో ఎనిమిది బార్ల మ్యూజిక్ ముక్క ఒకటి చేయాలి. బాగున్నా బాగోకపోయినా సేవ్ చేసి, ఆడియోగా వేవ్ ఫైలు తీసి, రోజు నంబరు పెట్టి మూసేయాలి. మర్నాడు ఆ ఫైలు వినొచ్చు గానీ తెరిచి బాగుచేయకూడదు. డిలీట్ చేయకూడదు. ఈ షరతులన్నీ షాపు లెక్కల పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. ఈ డైరీ కూడా అక్కడ రాసుకున్నదే, ఇప్పుడు టైపు చేస్తున్నాను.

మాది పర్లాకిమిడి. గజపతి జిల్లా, ఒడిశా. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్ర. షాపు బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. వెనకే ఇల్లు. మా నాన్న రామమందిరం భజనల్లో, పద్య నాటకాల్లో హార్మోనియం వాయించేవారు. నాకు సరళీ స్వరాల దాకా వచ్చు, ఆపైన రాదు.

సామాను సంగతి. షాపు డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. దాన్లో సంగీతం తయారుచేసే ఎల్ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్. 2004 నుంచీ ఉంది, పూర్తిగా ఉచితం, పాత మెషీన్ మీద కూడా నడుస్తుంది. అయితే అందులో మైకు పెట్టి నేరుగా రికార్డు చేయడం కుదరదు. దానికి ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఆడాసిటీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించి, అప్పుడు ఇందులోకి తెచ్చుకోవాలి. మొదట విసుగనిపించింది గానీ ఇప్పుడు ఇదే నయమనిపిస్తోంది. కత్తిరించేటప్పుడే ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది.

బార్ అంటే మన ఆవర్తం లాంటిది. మామూలు లెక్కలో నాలుగు దెబ్బలు. టెంపో 80, అంటే నిమిషానికి 80 దెబ్బలు, పెడితే దెబ్బకి ముప్పావు సెకను, బార్‌కి 3 సెకన్లు, ఎనిమిది బార్లకి 24 సెకన్లు. అంతే నా రోజు పని. రాత్రి భోజనానికి కూర్చుంటూ "ఇవాళ్టికి ఎనిమిది బార్లు అయిపోయాయి" అన్నాను. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "ఊళ్లో అన్ని ఉన్నాయాండీ?" అంది.

ఇవాళ్టి ముక్క: ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ డ్రమ్ము, పైన రెండు స్వరాలు. అంబులెన్స్ దూరంగా పోతున్నట్టుంది. 001 అని సేవ్ చేశాను.

రోజు 4

మూడు రోజులుగా ఒకటే గొడవ. కీబోర్డు మీద తాళానికి సరిగ్గానే నొక్కుతున్నాను, చేతికి తెలుస్తోంది. తీరా రికార్డయింది చూస్తే ప్రతి స్వరం తెర మీద ఒక గడి, అంటే దెబ్బలో నాలుగో వంతు, వెనక పడుతోంది. అన్నీ ఒకేలా, ఒకే గడి. నా చేతివాటమే మందమేమో అనుకుని రెండో రోజంతా టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకుని బల్ల మీద చిటికెలేశాను.

చెవిలో పెట్టుకున్న బ్లూటూత్ బడ్స్‌ది తప్పు. శబ్దం కంప్యూటర్లోంచి గాల్లో చెవికి చేరేసరికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతోంది. 80 టెంపోలో దెబ్బలో నాలుగో వంతు అంటే 187 మిల్లీసెకన్లు. అంటే నేను వింటున్నదే ఒక గడి పాతది, దానికి తగ్గట్టు నొక్కుతున్నాను. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు, ఎందుకంటే ప్లేయరే బొమ్మని కూడా ఆపి పంపిస్తుంది. వాయించేటప్పుడు ఎవరు ఆపుతారు? డ్రాయర్లో అడుగున పడున్న పాత వైరు ఇయర్‌ఫోన్స్ తీశాను. ఒక చెవి కాస్త తక్కువ వినిపిస్తుంది. పర్లేదు.

రోజు 5

ఇవాళ జిరాక్స్ మెషీన్‌తో కూర్చున్నాను.

పొద్దున్న ఎవరో పట్టా కాగితాల కట్ట తెచ్చి 60 పేజీలు తీయమన్నారు. మెషీన్ పక్కన నిలబడి కాగితాలు సర్దుతుంటే తల దానంతటదే ఊగడం మొదలెట్టింది. లోపలికి కాగితం లాక్కునేటప్పుడు ఒక "చక్", రోలర్ల మధ్య నడిచేటప్పుడు "ఝుర్ర్", వేడి దగ్గర చిన్న మూలుగు, బయట ట్రేలో పడేటప్పుడు "టప్". మా మెషీన్ నిమిషానికి 20 పేజీలు అని రాసుంటుంది. 20 పేజీలంటే పేజీకి 3 సెకన్లు. 80 టెంపోలో బార్‌కి 3 సెకన్లు! పేజీకో బార్ అన్నమాట. ఇన్నేళ్లూ నా పక్కనే తాళం వేస్తోంది.

రాత్రి ఫ్యాన్ ఆపి, ఎనిమిది తెల్లకాగితాలు పెట్టి, ఫోన్‌ని ట్రే దగ్గర ఆనించి రికార్డు చేశాను. ఆడాసిటీలో చూస్తే పేజీకి 3 సెకన్లు కాదు, 3.1. పాతబడింది కదా. టెంపో మార్చే ఎఫెక్ట్ ఉంది, శ్రుతి మారకుండా వేగం ఒక్కటే మార్చేది. 3.3 శాతం పెంచాను. బార్లలో సరిగ్గా కూర్చుంది. "టప్" మాత్రం నాలుగో దెబ్బ మీద కాకుండా దానికి కొంచెం ముందే పడుతోంది. సరిదిద్దలేదు. ఆ ముందు పడ్డమే మెషీన్‌కి నడక ఇచ్చింది.

కింద ఒక "మ్‌మ్" కూడా ఉంది. ట్యూబ్‌లైట్ చోక్‌ది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఊపులు, దాని మోత 50లోనూ 100లోనూ వినిపిస్తుంది. 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఫిల్టర్‌తో కోసేశాను. జిరాక్స్‌కి ఆ కింది స్వరాలతో పనిలేదు.

005 నాకు నచ్చింది. మొదటిసారి రెండుసార్లు విన్నాను.

రోజు 8, రథయాత్ర

షాపు మధ్యాహ్నమే మూసేశాం. రథం దగ్గర ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ హుళహుళి పెడుతుంటే, పక్కన ఘంటలు మోగుతుంటే ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. ఒడియావాళ్ల ఘంట అంటే మన జేగంటే, కంచు పళ్లెం, కర్రసుత్తితో కొడతారు. ఇంటికొచ్చి చూస్తే శబ్దం గ్రాఫు పైనా కిందా కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. అంత చప్పుడు ఫోన్ మైకు మోయలేకపోయింది. ఒకసారి అలా పగిలిన శబ్దాన్ని తర్వాత తగ్గించినా పగుళ్లు పోవు. రోడ్డవతల టీకొట్టాయన విని "భాయినా, బాగా రాలేదు గానీ గుంపు మాత్రం వచ్చింది" అన్నాడు. ఒక ఘంట దెబ్బ, మోగి ఆగే తోక మాత్రం, వాడుకున్నాను.

రోజు 10 నుంచి 15

మా మేనల్లుడు భువనేశ్వర్‌లో చదువుతున్నాడు. "ఏ స్వరాలు పెట్టినా ఏడుపులా వస్తోందిరా" అని ఫోన్ చేస్తే, "తెల్ల మెట్లు ముట్టుకోకు మావయ్యా. నల్లవి ఐదే ఉంటాయి, ఏది నొక్కినా తప్పు రాదు" అన్నాడు.

నిజమే. తెల్లా నల్లా కలిపి పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని అర మెట్టంటారు. నల్ల మెట్లలో ఏ రెండు తీసుకున్నా మధ్య దూరం ఒక పూర్తి మెట్టుకి తగ్గదు. అర మెట్టు దూరంలో ఒకదాన్నొకటి గీసుకునే జంట ఒక్కటీ లేదు. పిల్లాడు మోచేత్తో నొక్కినా వినసొంపుగానే ఉంటుంది. పదో రోజు కింద బాస్‌ని (కింద మోగే లావు స్వరం) ఎఫ్ షార్ప్ అనే నల్ల మెట్టు మీద ఆపి, పైన నల్ల మెట్లతో ఏదో అల్లాను. లోపల్నుంచి అమ్మ, "మోహనం పట్టావేటి?" అంది. మోహన రాగాన్ని నేను పట్టలేదు, అది దొరికింది.

పదకొండో రోజు బద్ధకమేసి అవే స్వరాలు ఉంచి బాస్‌ని మాత్రం ఎ షార్ప్‌కి మార్చాను, వేరేగా వినిపిస్తుందేమోనని. అమ్మ వక్కపొడి నవుల్తూ షట్టర్ దాకా వచ్చి నిలబడి, "ఇవాళ హిందోళం" అని వెళ్లిపోయింది.

అవే ఐదు మెట్లు. ఒక్కటి కూడా మారలేదు. నాకు ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

పొద్దున్నే నాన్న హార్మోనియం ముందు కూర్చుని లెక్క వేశాను. హార్మోనియంవాళ్ల భాషలో సి అంటే ఒకటో శ్రుతి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, అలా. కాబట్టి నల్ల మెట్లన్నీ 'అర'ల లెక్కే: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. వీటిలో దేన్ని షడ్జమం, అంటే 'స', అనుకుంటావన్నదే అంతా. నాలుగున్నర, అంటే ఎఫ్ షార్ప్, అయితే మోహనం. ఐదున్నర అయితే మధ్యమావతి. ఆరున్నర, అంటే ఎ షార్ప్, హిందోళం. ఒకటిన్నర మీద నిలబడితే శుద్ధ సావేరి, రెండున్నర మీద శుద్ధ ధన్యాసి. సంగీతం చదువుకున్నవాళ్లు దీన్ని గ్రహభేదం అంటారట. వాళ్లకిది కొత్త కాదు. నాకు మాత్రం ఒకే ఇంటికి ఐదు వాకిళ్లున్నట్టు తెలిసింది.

మిగతా మూడు రాత్రులూ ఆ మూడు వాకిళ్లకే పోయాయి. మధ్యమావతి ముక్క వినేసరికి కచేరీ అయిపోయి చెప్పులు వెతుక్కుంటున్నట్టు అనిపించింది. చివర్న మంగళానికి పాడటం విని విని చెవి అలా అలవాటు పడిపోయింది. పదిహేనో రోజు ఐదింటినీ వరుసగా అమ్మకి వినిపించాను. "స్వరాలున్నాయి గానీ రాగం లేదురా. మెట్టు మీంచి మెట్టుకి గెంతుతున్నావు" అంది. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, లేదని. ఆవిడన్నది నిజమే. దాని సంగతి తర్వాత.

రోజు 19

35 నిమిషాలు పని చేశాక కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పోయి చాలా రోజులైంది, రెండు నిమిషాలు కూయడానికి తప్ప పనికిరాదు. దాన్ని నమ్ముకుని సేవ్ చేయలేదు. ఆటోసేవ్ ఆపేసింది కూడా నేనే, మెషీన్ నెమ్మదిస్తోందని. మొత్తం పోయింది.

ఐదు నిమిషాలు మిగిలాయి. ఎనిమిది బార్లు ఎలాగూ కుదరదు. యూపీఎస్ "కీ... కీ..." అంటోంది, బయట వాన తెరిపిచ్చి కప్పలు అరుస్తున్నాయి. ఫోన్ తీసి 24 సెకన్లు రికార్డు చేశాను. అదే 019. విననవసరం లేదు. కానీ వరస తెగలేదు.

మర్నాడు ఆటోసేవ్ ఆన్ చేశాను. కొత్త బ్యాటరీ ధర అడిగి ఊరుకున్నాను.

రోజు 20 నుంచి 26

లేదు. అడ్మిషన్ల రోజులు. రాత్రి 11 దాకా పిల్లలు, వాళ్ల నాన్నలు, స్కాన్లు, ఓటీపీలు. షట్టర్ దించాక కంప్యూటర్ మొహం చూడబుద్ధి కాలేదు. 27వ రోజు మళ్లీ కూర్చున్నప్పుడు లెక్కల పుస్తకం వెనక ఒక షరతు చేర్చాను: మరీ కుదరని రోజు ఒక్క బార్ చాలు, లేదా ఒక శబ్దం రికార్డు చేసి పేరు పెడితే చాలు. పోయిన ఏడు రోజుల బాకీ తీర్చకూడదు. బాకీ అనుకుంటే ఎనిమిదో రోజు కూడా పోతుంది, నాకు నా సంగతి తెలుసు.

రోజు 33

హార్మోనియం. నాన్న పోయిన ఆరేళ్లలో దాన్ని దుమ్ము దులపడానికి తప్ప తీయలేదు. బెల్లోస్‌లో (గాలి తిత్తిలో) చిన్న చిరుగు, గాలి "హుస్" మంటుంది. ఒక్కో మెట్టూ నాలుగు సెకన్లు నొక్కి రికార్డు చేసి, ఎల్ఎంఎంఎస్‌లో వాయిద్యంలా పెట్టుకుందామని ఆలోచన.

పెట్టాను. కింద కంప్యూటర్ శ్రుతి వేసి, పైన నాన్న హార్మోనియం వేస్తే పంటినొప్పిలా ఉంది. రెండూ కలిసి "వొం వొం వొం వొం" అని ఊగుతున్నాయి. సెకనుకి ఆరు ఊగులు. వేళ్లతో లెక్కపెట్టాను.

ఫోన్‌లో శ్రుతి కొలిచే ట్యూనర్ తెరిచి చూస్తే తెలిసింది. కంప్యూటర్ లెక్కలో ఎ అనే స్వరం అంటే 440 హెర్ట్జ్. ఈ హార్మోనియం ఎ 446 దగ్గరుంది. తేడా 6, అందుకే ఆరు ఊగులు. లోపల మోగే రేకులు, రీడ్లు, ఎప్పుడో ఎవరో గీకి సరిచేసినవి, వాళ్ల చెవికి ఏది సరి అయితే అదే. భజనలో అందరూ దానికే శ్రుతి కలుపుకుంటారు కాబట్టి గొడవే రాదు. కంప్యూటర్ వచ్చి పక్కన కూర్చునేదాకా నాన్న శ్రుతి తప్పు కాదు.

హార్మోనియంని కిందికి దించొచ్చు. మనసొప్పలేదు. కంప్యూటర్నే పైకి తెచ్చాను. అర మెట్టుని 100 సెంట్లుగా విడగొడతారు, నాకు కావాల్సింది 23 సెంట్లు. ట్రిపుల్ ఆసిలేటర్ అనే వాయిద్యంలో మూడు గొంతులుంటాయి, ఒక్కోదానికి ఎడమకొకటి కుడికొకటి సన్నగా తిప్పే నాబ్‌లు. మొత్తం ఆరు. ఆరూ 23కి తిప్పాను. ఊగడం ఆగిపోయింది. గోడ మీద గడియారం ఆగినప్పుడు ఉంటుంది చూడండి, అలాంటి నిశ్శబ్దం.

బాస్ వేరే ట్రాక్‌లో ఉంది, దాన్ని మర్చిపోయాను. దాని ఎ 110 దగ్గర, హార్మోనియం లెక్కలో అది 111.5 ఉండాలి. తేడా ఒకటిన్నర. అంటే రెండు సెకన్లకి మూడు ఊగులు. నెమ్మదిగా, ఎవరో ఉయ్యాల తోస్తున్నట్టు. అది వదిలేశాను.

రోజు 41

నాలుగు దెబ్బల తాళం మొహం మొత్తింది. టెంపో పక్కనే 4/4 అని ఉంటుంది, దాన్ని 7/8 చేస్తే మన మిశ్ర చాపు. తకిట తకధిమి. మూడూ నాలుగూ. బార్ 2.6 సెకన్లకి తగ్గుతుంది, ఎనిమిదీ కలిపి 21 సెకన్లు.

గళ్లలో ఏడు దెబ్బలూ సమంగా పెట్టి వింటే కుట్టు మిషన్‌లా ఉంది. నోటితో అంటే ఊగేది, గళ్లలో పెడితే ఎందుకు కర్రలా నిలబడింది? నేను నోటితో అన్నది రికార్డు చేసి, గ్రాఫు పక్కన పెట్టి చూశాను. 'తకిట'లో 'ట' త్వరగా వచ్చేస్తోంది, తర్వాతి 'త' దగ్గర ఒక వెంట్రుకవాసి ఆగుతున్నాను. పైగా ఏడు దెబ్బలూ ఒకే బలంతో అనడం లేదు. ఒకటి, నాలుగు, ఆరు గట్టిగా, మిగతావి గొణుగుడు.

బలం మార్చడం సులువు, ప్రతి స్వరం కింద ఒక గీత ఉంటుంది, పొట్టిగా లాగితే చాలు. సమయానికి మాత్రం గడి సైజు 1/192కి తగ్గించి ఒక్కో దెబ్బనీ చేత్తో జరిపాను. 40 నిమిషాలు కాదు, గంటా పది పట్టింది. షరతు తప్పాను. మా ఆవిడ రెండుసార్లు పిలిచి మూడోసారి పిలవలేదు. అన్నం మూతపెట్టి ఉంది.

రోజు 48 నుంచి 52

జముకు అనే వాయిద్యం. చిన్నప్పుడు పాతపట్నంలో జముకుల కథ చూశాను. కథ గుర్తులేదు, ఆ శబ్దం ఉంది. చర్మం మూసిన గొట్టం లాంటిది, ఆ చర్మం మధ్యలోంచి ఒక తీగ. తీగని ఒక చేత్తో బిగలాగుతూ ఇంకో చేత్తో మీటుతారు. "జుమ్మ్" అని మొదలై పైకి లేస్తుంది. మనిషి ఏదో అడిగినట్టు ఉంటుంది.

మొదటి రెండు రోజులూ రకరకాల తీగ వాయిద్యాలు పెట్టి చూశాను, అన్నీ వీణకి జలుబు చేసినట్టున్నాయి. మూడో రోజు డ్రమ్ము తయారుచేసే కిక్కర్ తెరిచి ఊరికే చూస్తున్నాను. దాన్లో రెండు నాబ్‌లు: ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి. మొదలు 150 హెర్ట్జ్, ఆఖరు 40. డ్రమ్ము దెబ్బంటే కంప్యూటర్‌కి అంతే, దబ్బున కిందికి పడే ఒక స్వరం. పడితే డ్రమ్ము. మరి లేస్తే?

అంకెలు తిరగేశాను. మొదలు 90, ఆఖరు 220, పొడవు కాస్త పెంచి. నొక్కాను.

జుమ్మ్.

ఒక్కణ్నే షాపులో నవ్వుకున్నాను. మిగతా రెండు రోజులూ దాన్ని వాయించడమే పని. పైన అమ్మ అన్న గమకం సంగతి కూడా ఇక్కడే కాస్త తెలిసింది. పియానో రోల్‌లో (స్వరాలు గళ్లలో పెట్టే చోటు) డిట్యూన్ అని ఒక పద్ధతుంది, స్వరం లోపలే గీత గీసి దాన్ని జార్చొచ్చు. మోహనంలో గాంధారాన్ని కింది రిషభం నుంచి జార్చి తెచ్చాను. నాలుగు చోట్ల గీస్తే మూడు చోట్ల పిల్లి అరిచింది. ఒక చోట కుదిరింది. ఆ ఒక్కటీ గీత పొట్టిది, వంపు మెల్లగా మొదలై చివర్లో వేగంగా ముగిసేది. మిగతా మూడూ తిన్నటి గీతలు.

రోజు 60

ఇవాళ చేయడం లేదు, వినడమే. నిన్నటిదాకా 59 రోజుల్లో 51 ఫైళ్లు. ఏడు అడ్మిషన్ల వారం, ఒకటి జ్వరం. అన్నీ వరసగా పెడితే దాదాపు 20 నిమిషాలు. రెండు నెలల పని, పాతపట్నం బస్సులో వెళ్లేలోపు అయిపోతుంది.

టీకొట్టాయన్ని కూర్చోబెట్టుకుని విన్నాను. ఆయన బల్ల మీద వేలితో కొట్టడం మొదలెట్టిన చోటల్లా గుర్తు పెట్టాను. నేను గర్వపడ్డ చోట్ల ఆయన వేలు ఆడలేదు. నేను విసుగ్గా సేవ్ చేసిన 029కి తల కూడా ఊపాడు. అందులో ఉన్నదల్లా జిరాక్స్ "టప్", ఒక బాస్ స్వరం.

నా వైపునుంచి నాకు దొరికిన తప్పులు: ప్రతిదానికీ గుళ్లో పాడినట్టు రివర్బ్ పోశాను. ముక్కాల్ మువ్వీసం 80 టెంపోనే. బాస్ ఎప్పుడూ ఒకటో దెబ్బ మీదే దిగుతుంది. రెండోవారంలో ఐదారు ఫైళ్లు ఎర్రగీత దాటి పగిలాయి, ఎందుకంటే ఒక్కో ట్రాక్ విడిగా బాగానే ఉంది గానీ అన్నీ కలిస్తే ఎంతవుతుందో చూసుకోలేదు. మళ్లీ వినాలనిపించినవి ఆరు. పోయినేడాది నాలుగు నెలల్లో ఒక్కటీ లేదు.

షరతు ఒకటి మార్చాను: వారంలో రెండు రోజులు 80 ముట్టుకోకూడదు.

రోజు 71, ఆగస్టు 29

తెలుగు భాషా దినోత్సవం. పొద్దున్నుంచీ గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోలు ప్రింట్ చేస్తూనే ఉన్నాను. 1863లో ఇదే రోజు పుట్టారు. మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు, ఇక్కడే సవరల మాట నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన కొండ మీదివాళ్ల ఎదురుగా కూర్చుని నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాసుకునేవారని చదివాను. నలభై ఒకటో రోజు నేను నా 'తకిట' గ్రాఫు పక్కన పెట్టుకుని దెబ్బలు జరుపుకోవడం గుర్తొచ్చి, పోలిక మరీ ఎక్కువైందని నాకే అనిపించింది. ఆయన ముఖం మీద కాగితం బయటికొస్తున్న "టప్" మాత్రం రికార్డు చేశాను. 63 టెంపోలో పెట్టాను.

రోజు 74

అమ్మ పాడతానంది. అడగలేదు నేను. "రోజూ ఆ టపటపలేనా, ఒక మంగళహారతి పెట్టకూడదా" అంది. పల్లవి, ఒక చరణం. షాపులోకి కుర్చీ వేశాను. ఫ్యాన్ ఆపుతానంటే "ఉక్కపోతలో పాడలేన్రా" అంది. సరే, తిరగనీ.

ముందు శ్రుతి ఇస్తే "అది వొద్దు, నాకు తోచినట్టు ఎత్తుకుంటాను" అంది. ఎత్తుకుంది. ట్యూనర్‌లో చూస్తే నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య, నాలుగు మీద 40 సెంట్లు. హార్మోనియం రోజు నేర్చుకున్నది పనికొచ్చింది. ఆరు నాబ్‌లూ 40కి తిప్పి, అమ్మ గొంతు కింద సన్నగా షడ్జమం, పంచమం పెట్టాను. ఈసారి బాస్ మర్చిపోలేదు. డ్రమ్ము లేదు, జిరాక్స్ లేదు. ఫ్యాన్ మోత కొంత ఫిల్టర్‌తో తగ్గింది, మొత్తం పోలేదు. ఎక్కువ తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతోంది.

చరణం దాకా బాగా కలిసింది. చివరి రెండు బార్ల దగ్గర మళ్లీ ఊగడం మొదలైంది. చూస్తే అమ్మ పైకి ఎక్కింది, దాదాపు నాలుగున్నర దాకా. తోడు శ్రుతి లేకుండా పాడితే ఎవరికైనా అలా జరుగుతుంది. గొంతుని దించే ఎఫెక్ట్ ఉంది. దించి విన్నాను, అమ్మలా లేదు. తీసేశాను. చివరి రెండు బార్లలో కింది శ్రుతినే ఆపేశాను. గొంతు ఒక్కటే మిగిలింది. 40 నిమిషాలు దాటలేదు.

అమ్మకి వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని విని, తీసి చేతిలో పెట్టి, "చివర్లో ఆ శ్రుతి ఎందుకు ఆపేశావు? నేను తప్పానా?" అంది.

"లేదమ్మా, అప్పుడు కరెంటు పోయింది" అన్నాను.

"ఫ్యాన్ వినిపిస్తోంది కదరా" అంది.